కుట్లు ఇప్పినంక

కుట్లు ఇప్పిన రోజే నర్సవ్వ కోడలికి తలమీద నీళ్లు పోసింది.

ఆమె లెక్క ఆమెది. కాన్పయినా ఆపరేషనయినా కడుపు కడుపే, నొప్పి నొప్పే. కాన్పుకి పురుడు నీళ్లు పోస్తాం కదా, మరి గర్భసంచి తీసినదానికి మాత్రం ఎందుకు పొయ్యొద్దు? ఈ శాస్త్రం ఎక్కడ రాసి ఉందని అడిగే ధైర్యం ఆ ఇంట్లో ఎవరికీ లేదు. సిరిసిల్ల వదిలి సూరత్ వచ్చి ముప్పై ఏళ్లయినా నర్సవ్వ తన శాస్త్రాలన్నీ మూటగట్టుకునే వచ్చింది, ఒక్కటీ దారిలో జారిపోలేదు.

పొద్దున దవాఖానలో సిస్టరమ్మ చిమటాతో ఆఖరి దారం లాగి, ఇంటి దగ్గర ఎలా ఉండాలో చెప్పడం మొదలుపెట్టింది. అప్పటికే నర్సవ్వ రెండు చేతులెత్తి దండం పెట్టేసి, కోడలు భాగీరథి జబ్బ పట్టుకుని తలుపు వైపు నడిచింది. కింద ఆటో ఆపి వచ్చింది మరి. భాగీరథి వెనక్కి తిరిగి చూసేసరికి బల్ల మీదికి ఇంకొకామె ఎక్కి పడుకుంది.

డిండోలి బస్తీలో వాళ్ల గది మూడో అంతస్తులో. మెట్లు ఎక్కి ఊపిరి కూడదీసుకునేలోపే గంజులో నీళ్లు కాగాయి. నర్సవ్వ కోడల్ని పీట మీద కూర్చోబెట్టి, తలంటి, బొడ్డు కింద అడ్డంగా ఉన్న జానెడు గాటు మీద ముద్దపసుపు పట్టించింది. ఆ వేళ్లలో ప్రేమ ఉంది, ఆ సంగతి భాగీరథికి తెలుసు. కొంచెం మండినా కళ్లు మూసుకుని ఓర్చుకుంది.

తర్వాత నడికట్టు కట్టాలి. దానికి బట్ట కావాలి. నలుగురూ బట్ట మీద బతికే ఇల్లది. కొడుకు సంపత్ ఉధ్నా దగ్గర మరమగ్గాల కార్ఖానాలో సాంచెల మీద నేస్తాడు. అత్తాకోడళ్లు ఇంట్లో కూర్చుని, షేఠ్ పంపిన చీరల వెనక వేలాడే దారాలు కత్తిరిస్తారు. మంచం కింద చీరలు, అటక మీద చీరలు, తలుపు తీస్తే మీద పడేవి చీరలు. ముట్టుకుంటే జారిపోయే మెరుపు చీరలు తప్ప, నూలు బట్ట మాత్రం జానెడు లేదు. నర్సవ్వ అంచు చెడిన చీరనొకదాన్ని నిలువుగా చింపి, కోడలి నడుముకి నాలుగు చుట్లు చుట్టి, వెనక నుంచి మోకాలు ఆనించి మరీ బిగించింది.

“ఊపిరి బిగవట్టు బిడ్డా. ఇది గట్టిగుంటెనే లోపలివి లోపలుంటయి.”

నిజం చెప్పాలంటే ఆ బిగువు భాగీరథికి హాయిగానే ఉంది. ఆపరేషన్ అయినప్పటి నుంచీ కడుపులో ఏదో ఊగులాడుతున్నట్టు ఉండేది, ఇప్పుడు అది ఆగింది. పక్క గది ప్రమీల జాకెట్టు ముక్క, కుంకుమ తెచ్చి బొట్టు పెట్టింది. రాత్రిపాళీకి బయల్దేరుతూ సంపత్ గుమ్మంలో నిలబడి, అంతా మంచిగైనట్టేనా అని అరిచాడు. సాంచెల మోతలో పని చేసేవాళ్లకి మెల్లగా మాట్లాడటం చేతకాదు. నర్సవ్వ అయిందనే చెప్పింది.

దారం ఉన్నంతసేపే రోగం అని లోకం తీర్పు. కుట్లు ఉన్నన్ని రోజులు భాగీరథి రోగి. చుట్టుపక్కల వాళ్లు మోసంబీలు తెచ్చారు, మంచం అంచున కూర్చుని తమ తమ ఆపరేషన్ల కథలు చెప్పారు, గ్లాసు అందుకోబోతే చేతిలోంచి లాక్కున్నారు. తెల్లారేసరికి అదంతా పోయింది. నల్లా వచ్చే వేళకి నర్సవ్వ చిన్న బిందె తెచ్చి కోడలి ముందు పెట్టి, ఇది నువ్వు తే, పెద్దది నేను తెస్తానంది. అందులో ఆమె తన వైపు నుంచి చేసిన దయ కూడా ఉంది, కాదనలేం.

భాగీరథి బిందె సంకనెత్తుకుంది. రెండో అంతస్తు మలుపులో పొత్తికడుపులో ఏదో సన్నగా, వెచ్చగా లాగింది. ఆగింది. వెనక వస్తున్న ఆడవాళ్లు దారి కోసం చూస్తుంటే సిగ్గుపడి మళ్లీ ఎక్కింది. ఆ మధ్యాహ్నం కింద ఆటోలోంచి పోట్లా, అంటే చీరల మూట, వచ్చింది. దాన్ని మెట్ల మీదుగా లాక్కొచ్చి విప్పారు. భాగీరథి చీరను ఒళ్లో తిరగేసి పరుచుకుని, వేలాడే దారాన్ని ఎడమచేతి వేళ్లతో నిలువుగా లాగిపట్టి, కుదురు దగ్గర చిన్న కట్టరుతో టక్కున తెంపుతూ కూర్చుంది. దారం దగ్గరగా తెంపాలి, బట్టకి గాటు పడకూడదు. వంగినప్పుడల్లా నడికట్టు గాటులోకి దిగుతోంది. ఉక్కపోతకి దాని కింద చెమట కారుతోంది.

మొదట దురద పుట్టింది. మానే పుండుకే దురద అని నర్సవ్వ సంతోషించింది. మర్నాడు దురద పోయి తడి వచ్చింది. ఆ తర్వాత ఒక వాసన వచ్చింది, అది తనకే వస్తోందో అందరికీ వస్తోందో తెలియక భాగీరథి మనుషులకి దూరంగా కిటికీ పక్కన కూర్చోవడం మొదలుపెట్టింది. చెప్పలేదు. చెప్తే అత్త చేసిన సేవకి వంక పెట్టినట్టవుతుంది. పైగా భయం. కడుపు మళ్లీ కోస్తారేమోనని.

కనిపెట్టింది కూతురు హారతి. పదో తరగతి పిల్ల, సూరత్‌లోనే పుట్టింది, సగం తెలుగు సగం హిందీ. ఉతకడానికి తల్లి విడిచిన లంగాని వెలుగులో పట్టి చూసింది.

“నానమ్మా, యే హల్దీ నహీ హై. పసుపు ఇట్ల వాసన రాదు.”

నర్సవ్వ వేపాకు నూరుతానంది. హారతి వినలేదు. బడి మానేసి, ఎవరినీ అడక్కుండా తల్లిని ఆటో ఎక్కించింది.

ఆ సిస్టరమ్మే ఉంది. నడికట్టు కత్తిరించి తీసింది. బట్ట ఉన్నంతమేరా తోలు నీళ్లలో నానిన వేళ్లలా తెల్లగా ముడతలు పడి ఉంది. గాటు ఒక చివర చిటికెన గోరంత విడిపోయి చెమ్మ ఊరుతోంది. డాక్టరమ్మ వచ్చి వేళ్లతో ఒత్తి చూసింది. పైతోలే విడిపోయింది, లోపల గట్టిగానే ఉంది, అదృష్టవంతురాలివి అంది. కడిగారు, మందు బిళ్లలిచ్చారు. ఈసారి సిస్టరమ్మ తలుపుకి అడ్డంగా నిలబడి చెప్పాల్సిందంతా చెప్పాకే వదిలింది.

కుట్లు తీశారంటే గాయం మానిందని కాదు, ఇక దారంతో పని లేదని. పైన అంటుకుంది, లోపలి పొరలు గట్టిపడటానికి ఇంకా నెలన్నర పైనే పడుతుంది. అందాకా బిందె, మూట, పిల్ల, ఏదీ ఎత్తకూడదు. రోజూ మామూలు సబ్బూ నీళ్లతో కడగొచ్చు, రుద్దకూడదు. మెత్తని నూలు బట్టతో అద్ది తడి ఆరనివ్వాలి. పసుపు, నూనె, పౌడరు, వేపాకు ఏదీ తగలకూడదు. లంగా నాడా సరిగ్గా గాటు మీదే పడుతుంది కాబట్టి కొన్నాళ్లు వదులు నైటీలే. దగ్గు వస్తే దిండు అదిమిపెట్టుకోవాలి. ఎర్రబడినా, చీము పట్టినా, జ్వరం వచ్చినా అత్తని కాదు, తనని అడగాలి. ఆ ఆఖరి ముక్క చెప్పేటప్పుడు సిస్టరమ్మ నవ్వలేదు.

ఇంటికొచ్చి హారతి అంతా నాయనమ్మకి పాఠం అప్పజెప్పినట్టు అప్పజెప్పింది. నర్సవ్వ గయ్యిన లేస్తుందని భాగీరథి గుండె చిక్కబట్టుకుంది. ఆమె లేవలేదు. పసుపు డబ్బా తీసి అటక మీద పెట్టింది.

నూలు బట్ట కోసం సంపత్‌ని పంపారు. సగం నిద్రలో పోయినవాడు పొద్దెక్కాక తిరిగొచ్చి, సూరత్ అంత ఊళ్లో మీటరు మల్‌మల్ కోసం నాలుగు దుకాణాలు తిరిగానని వాడకట్టంతా వినేట్టు చెప్పాడు. గాటు మాత్రం ఇప్పటిదాకా చూడలేదు. చూస్తే కళ్లు తిరుగుతాయంటాడు.

ఆ రోజు నుంచి నర్సవ్వ వేరే మనిషి. మోచేతుల దాకా సబ్బు పెట్టి చేతులు కడుక్కునేది. గోరువెచ్చని నీళ్లు చెంబుతో పైనుంచి సన్నగా వదిలేది, వేలు తగలనిచ్చేది కాదు. మల్‌మల్ ముక్కతో ఒక చివర నుంచి ఇంకో చివరకి అద్దుకుంటూ వచ్చేది. చీరల డబ్బా అట్టముక్క తీసుకుని తడి ఆరేదాకా విసురుతూ కూర్చునేది. ఆ తర్వాత కిటికీ వెలుతుర్లో కళ్లు చిట్లించి చూసి, నిన్నటికంటే తగ్గిందా లేదా చెప్పమని హారతిని పిలిచేది. బిందెల వైపు కోడలు చూస్తే చాలు, గుడ్లురిమేది. పోట్లాలు తనే లాగింది, నీళ్లు తనే మోసింది.

భాగీరథి పెళ్లయ్యాక మొదటిసారి పట్టపగలు నిద్రపోయింది. అత్త చేస్తుంటే పడుకోవడం మొదట్లో ముల్లులా గుచ్చుకుంది. రెండు రోజులు పోయాక అదీ అలవాటైంది. సుఖానికి అలవాటు పడటానికి ఎవరికైనా ఎంతసేపు కావాలి? గాటు ఆరింది. విడిపోయిన చివర పొరలా కమ్ముకుంది.

ఒక పొద్దున నీళ్లకి పోయిన అత్త ఎంతకీ రాలేదు. భాగీరథి గోడ పట్టుకుని మెట్ల దాకా వచ్చింది. కింది మలుపులో బిందె పెట్టి ఉంది. నర్సవ్వ గోడకి నుదురు ఆనించి నిలబడి ఉంది. చీర వదులు చేసుకుని, పొత్తికడుపుని రెండు అరచేతులతో లోపలికి నెడుతోంది. ఆ చేతుల మధ్య గుప్పెడంత బుడిపె. నెడితే లోపలికి పోతోంది, చేయి తీస్తే మళ్లీ తోసుకొస్తోంది. చివరికి దాన్ని ఒక చేత్తో అదిమిపట్టి, రెండో చేత్తో వెలిసిపోయిన గుడ్డపట్టీని నడుముకి చుట్టడం మొదలుపెట్టింది. ఆ చుట్టడంలో తడబాటు లేదు. రోజూ జడ వేసుకునే మనిషికి జడ వేసుకోవడం ఎంత తెలుసో అంత తెలుసు ఆ చేతులకి.

చప్పుడుకి తలెత్తింది. కోడల్ని చూసి చీర గబగబా లాక్కుంది.

“ఎన్నేండ్లాయె అత్తమ్మా?” అంది భాగీరథి.

“సంపత్ తర్వాత పిల్లలు కాకుండ క్యాంపుల ఆపరేషన్ చేసిండ్రు గద. అప్పటిది.”

“ఎవరికి చెప్పలేదా?”

“ఏమని చెప్త? కుట్లు ఇప్పిన నాడే మా అత్త బిందె చేతికిచ్చింది. ఆమె చెడ్డది గాదు, ఆమెకు ఎవరు చెప్పిండ్రు? నెల తిరగకముందే ఇది బయటికచ్చింది. గట్టిగ కట్టుకుంటె లోపల్నే ఉంటది. ఇన్నేండ్లు ఈ కట్టే నన్ను నిలవెట్టింది బిడ్డా.” కొంచెం ఆగింది. “అందుకే నీక్కూడ గంత గట్టిగ కట్టిన. నాలెక్క కావద్దని.”

భాగీరథికి ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియదు. ఎప్పుడో చచ్చిపోయిన అత్తమ్మ అత్త మీద, చెప్పని ఈమె మీద, అన్నిటికంటే ఎక్కువ తన మీద. ఈ వారం రోజులు తను పడుకున్న నిద్రంతా ఈ బుడిపె మీద పడుకున్న నిద్రే. తన గాటు ఆరుతుంటే ఈమె పేగు తోసుకొస్తోంది. ఇది తెలిసి మళ్లీ ఎలా పడుకోవడం? పడుకోకపోతే తన కడుపూ ఇలాగే అవుతుంది. ఇద్దరిలో ఎవరో ఒకరు మొయ్యాలి అన్నట్టే ఆ ఇంట్లో ఇన్నాళ్లూ నడిచింది.

నర్సవ్వ కోడలి చేయి పట్టుకుంది. కొడుక్కి మాత్రం చెప్పొద్దంది. సంపత్‌కి రహస్యం చెప్పడమంటే డిండోలి అంతా డప్పు కొట్టించడమే, ఆ మాట నిజమే. ఈ వయసులో డాక్టర్ల ముందు కడుపు విప్పలేనంది. భాగీరథి కింది గది పిల్లలిద్దర్నీ పిలిచి, చెరోవైపు పట్టి ఆ బిందె పైకి చేర్చమంది.

సంపత్ డ్యూటీ దిగి, తలలో దారప్పొట్టుతో వచ్చి టీ అడిగాడు. భాగీరథి టీ ఇచ్చి, ఇంకా రెండు బిందెలు కావాలి, నల్లా పోయేలోపు తెమ్మంది. ఇక నుంచి నీళ్లు నీ పనే అంది. అతను నవ్వాడు. అవ్వ తెస్తలేదా అన్నాడు. లోపలి నుంచి నర్సవ్వ, తెస్తున్న బిడ్డా, నువ్వు పండుకో, రాత్రంత నిలవడి వచ్చినవు అంది.

భాగీరథి చిన్న బిందె తీసి సంకన పెట్టుకుని గుమ్మం వైపు నడిచింది. నర్సవ్వ అరె అరె అంటూ లేచింది. సంపత్ టీ గ్లాసు కింద పెట్టి ఎదురొచ్చాడు.

“పిచ్చి లేసిందా నీకు? మళ్ల విడిపోతె?”

“మరి నువ్వు తే.”

“ఆడోళ్ల లైన్ల నేను నిలవడాల్నా?”

“సాంచెకు దారం చుట్టిన బీము మోస్తవు గద. నలుగురు మోసేదాన్ని ఇద్దరమే మోసినమని చెప్పుకుంటవు. బిందె ఎంత బరువు?”

“బీము మోస్తె మొగోడంటరు. బిందె మోస్తె పెండ్లానికి బానిసంటరు.”

“అననియ్యి. రెండు దినాలంటరు. మూడోనాడు వాళ్ల పెండ్లాలు వాళ్లను గూడ పంపుతరు.”

భార్య గొంతులో ఎప్పుడూ లేని నెమ్మది విని సంపత్ తగ్గాడు. అంత మెల్లగా మాట్లాడితే అతనికి భయం. బిందె లాక్కుని దిగాడు. పళ్లు తోముకుంటున్న మగవాళ్లంతా నురగ నోళ్లతోనే నవ్వారు. ప్రమీల మొగుడు ఏదో అన్నాడు, దానికి సంపత్ ఇచ్చిన జవాబు మూడు అంతస్తులకీ వినిపించింది, ఇక్కడ రాయడానికి మాత్రం పనికిరాదు. సంకన పెట్టుకోవడం రాక బిందెని బీములా భుజానికెత్తుకున్నాడు. సగం నీళ్లు మెట్ల పాలయ్యాయి, సగం ఇంటికొచ్చాయి. మళ్లీ వెళ్లాడు.

నర్సవ్వ కొడుకునే చూస్తూ కూర్చుంది. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు ఒకసారి ఒళ్లో, ఒకసారి నేల మీద పెట్టింది. వాడు పెద్ద బిందె దించేటప్పుడు కూర్చున్న చోటి నుంచే రెండు చేతులూ ముందుకు చాచింది. అందుకోవద్దని భాగీరథి కళ్లతోనే ఆపింది.

మళ్లీ దవాఖానలో చూపించుకోవాల్సిన రోజు వచ్చింది. తోడు నేనొస్తానని నర్సవ్వే ముందు తయారైంది. సిస్టరమ్మ భాగీరథి నైటీ పైకెత్తి చూసి, ఈసారి నవ్వింది. గాటు సన్నని గీతలా ఆరిపోయి ఉంది. విడిపోయిన చివర కొత్త తోలు గులాబిరంగులో మెరుస్తోంది. ఎవరు కడిగారని అడిగింది. భాగీరథి అత్తని చూపించింది. సిస్టరమ్మ మెచ్చుకుంటుంటే నర్సవ్వ కొత్తకోడలిలా కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. దండం పెట్టి తలుపు వైపు తిరిగింది.

భాగీరథి బల్ల దిగి ఆమె చేయి పట్టుకుంది.

“ఎక్కు అత్తమ్మా.”

“నాకేమైంది?”

భాగీరథి అత్తతో వాదించలేదు. తనకొచ్చిన హిందీలో సిస్టరమ్మకే చెప్పింది. పాత ఆపరేషన్, కడుపు బయటికొస్తోంది, ముప్పై ఏళ్ల పైనుంచీ కట్టుకుని తిరుగుతోంది. సిస్టరమ్మ మొహంలో నవ్వు పోయింది. సర్జన్‌కి చూపించాలి, అది బిగుసుకుపోతే ప్రాణం మీదికొస్తుంది అంది. డాక్టర్ ఆడమనిషే అని చెప్పి, లేచి పరదా లాగింది.

నర్సవ్వ బల్ల అంచు పట్టుకుని నిలబడింది. ఇంట్లో అందరినీ గడగడలాడించే మనిషి చిన్నపిల్లలా అయిపోయింది.

“కోస్తరా?”

“ముందు చూస్తరు. కొయ్యాలంటె కోస్తరు.”

“కుట్లుండంగ అందరొస్తరు భాగీ. పండ్లు తెస్తరు, పక్కన కూసుంటరు. నాకు ఎరుకే.” పరదా వైపు చూస్తూ గొంతు తగ్గించింది. “అవి ఇప్పినంక?”

“అవి ఇప్పినంకనే నేనుంట.”

నర్సవ్వ కోడలి మొహంలోకి చూసింది. తర్వాత మెట్టు మీద కాలు పెట్టి బల్ల ఎక్కి, చీర కుచ్చిళ్లు తనే వదులు చేసుకుంది.